మాడు గెలిచె

పళని నుంచి కోయంబత్తూరు పోయే బస్సులో నా పక్కన ఎర్ర తువ్వాలు భుజాన వేసుకున్న పెద్దాయన కూర్చున్నాడు. గంటసేపు మేమిద్దరం తమిళంలోనే మాట్లాడుకున్నాం. ఆ తర్వాత నేను ఫోనులో రగ్బీ పెట్టుకున్నాను, ఆయనా తొంగి చూశాడు. కొత్తగా మొదలైన అంతర్జాతీయ పోటీ అది. ఆట ఆగకూడదని నిబంధనలు మార్చారు, ఊపిరి తీసుకునేలోగా బంతి మళ్లీ లేస్తుంది. ఇక ఒక్క నిమిషమే ఉంది. మన దేశపు అమ్మాయిలు నాలుగు పాయింట్లు వెనకబడ్డారు.

మన అమ్మాయి ఒకతె బంతితో దూసుకుపోతుంటే ముగ్గురు ఆమె నడుం పట్టుకున్నారు. పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"ఏందిది! మాడును ఒగడే గదా పట్టాల! ముగ్గురు దుంకితే ఎట్లా?"

ఇంతసేపూ తమిళం మాట్లాడిన మనిషి నోట అచ్చం మా ఇంటి తెలుగు! మా మదురై వైపు జల్లికట్టులో మాడును, అంటే ఎద్దును, ఒక్కడే పట్టాలి.

"దీంట్లో ఎంతమందైనా పట్టొచ్చు తాతా," అన్నాను నేనూ తెలుగులో.

ఆయన నా మాట వినలేదు. "విదిలించుకో పాపా! విదిలించుకో!"

ఆమె విదిలించుకుంది. గీత దాటి బంతిని నేలకు ఆనించింది. ఐదు పాయింట్లు!

పెద్దాయన తువ్వాలు గిరగిరా తిప్పాడు. "మాడు గెలిచె! మాడు గెలిచె!" జల్లికట్టులో ఎవరికీ చిక్కని ఎద్దుదే గెలుపు. ఎవరు గెలిచారో తెలియకుండానే కండక్టరు విజిల్ ఊదాడు.

కోయంబత్తూరు పీలమేడులో మా కాలేజీ జట్టుకు నేనూ రగ్బీ ఆడతాను. బంతి నా చేతికొచ్చి ముగ్గురు మీద పడినప్పుడల్లా భుజాలు విదిలిస్తాను. పాపం, వాళ్లు పట్టింది మాడునని వాళ్లకు తెలియదు.