సెప్టిక్ ట్యాంకు విచారణకి వెళ్ళిన రోజులు

రిటైరయ్యాక సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టరు ఖాళీ చేసి, రాజధాని శివార్లలో ద్వారక దాటాక వచ్చే ఒక కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్నాను. నేను పెళ్ళి చేసుకోలేదు. క్వార్టర్లలో ఉన్నన్నాళ్ళూ అదొక లోటుగా తోచలేదు. మెట్ల మీద ఎవరో ఒకరు ఎదురయ్యేవారు, పోపు వాసనకే పక్కింటావిడ తలుపు తట్టేది. ఇక్కడ అన్నీ ఎత్తు గోడలు, ఇనుప గేట్లు. పాలవాడు కూడా ప్యాకెట్టు గేటుకి తగిలించి వెళ్ళిపోతాడు. సాయంత్రం దాకా నోరు విప్పే పని పడని రోజులుండేవి. తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే విజయనగరంలో చెల్లెలు ఫోన్ ఎత్తాలి.

మా కాలనీకి ఇంకా సీవర్ లైను రాలేదు. ఎవరింటి సెప్టిక్ ట్యాంకు వాళ్ళదే, ఎవరి బోరు వాళ్ళదే. నా బోరు పక్కింటి ప్రహరీని ఆనుకుని ఉంటుంది. ఆ పక్కిల్లు ఒక రిటైర్డ్ స్కూల్ టీచరుది. గఢ్వాల్ మనిషి, నా ఈడుదే, భర్త లేడు. ముసలి అత్తగారిని ఆమే చూసుకుంటుంది. వాళ్ళ పడకగదులూ స్నానాలగదీ మేడ మీద. అత్తగారు మెట్లెక్కలేకపోతోందని కింద ఒక బాత్‌రూము కట్టించాలనుకుంది. ఉన్న ట్యాంకు చాలదు, దానికి కొత్తది కావాలి. పెరట్లో జాగా ఉన్నది నా గోడ పక్కనే. బోరుకీ ట్యాంకుకీ మధ్య ఉండాల్సినంత దూరం అక్కడ లేదు. నిబంధన సడలించమని ఆమె మునిసిపల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకుంది. అభ్యంతరముంటే చెప్పమని నాకు నోటీసు వచ్చింది.

నేను తాగేది ఆ నీళ్ళే. అభ్యంతరం ఉందని రాసిచ్చాను.

విచారణ రోజు పొద్దున్నే గేటు బయట ఈ-రిక్షా కోసం నిలబడ్డాను. ఆమె కూడా ఫైలు చంకలో పెట్టుకుని వచ్చింది. అంతకుముందు మేం నమస్తే దాటి మాట్లాడుకున్నది లేదు. బండి ఒక్కటే వచ్చింది.

"ఎక్కండి దీదీ," అంది ఆమె హిందీలో. "కొట్టుకోవడానికి ఇద్దరం వెళ్ళేది ఒక్క చోటికే కదా!"

ఆఫీసరు మధ్యాహ్నం దాకా రాలేదు. వరండాలో బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె డబ్బా తెరిచి పరాఠా నా చేతిలో పెట్టింది. "తినండి. మీ అభ్యంతరం ట్యాంకు మీదే, పరాఠా మీద కాదుగా." నవ్వొచ్చింది. తన స్కూలు పిల్లల గురించి చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో హిందీ రాక, ఆడవాళ్ళ బాత్‌రూములోకి వెళ్ళి నేను ఏడ్చిన సంగతి చెప్పాను. అది చెల్లెలికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆఫీసరు ఆ రోజు రాడన్నారు. వాయిదా పడింది.

రెండోసారికి పొద్దున్నే లేచి పులిహోర కలిపాను. గంజి పెట్టిన చీర కట్టుకున్నాను. ఆమె ఒక ముద్ద తిని కళ్ళు గట్టిగా మూసుకుంది. "అచ్ఛా! ఇంత పులుపు తింటారా మీరు?" అంటూనే డబ్బా ఖాళీ చేసింది. ఆఫీసరు మీటింగులో ఉన్నాడట. మళ్ళీ వాయిదా. ఆమె, "హే భగవాన్!" అని నుదురు కొట్టుకుంది. నేనూ విసుక్కున్నట్టే మొహం పెట్టాను గానీ లోపల సంతోషంగా ఉంది.

తిరుగు దారిలో ఆమె నడుం పట్టుకుని కూర్చుంది. "అమ్మాజీని పట్టుకుని మెట్లెక్కించడం నావల్ల కావడం లేదు, దీదీ."

"పోనీ, నా అభ్యంతరం వెనక్కి తీసుకోనా?"

ఆమె నావైపు తిరిగింది. "వద్దు. వేరే దారి లేదనుకుని దరఖాస్తు పెట్టుకున్నాను. రేపు మీ నీళ్ళు పాడైతే ఆ పాపం నాకెందుకు? ఆఫీసరు ఏం చెబితే అదే."

తరవాత ఆ ఆఫీసరే టేపు పట్టుకుని వచ్చి రెండిళ్ళూ కొలిచి వెళ్ళాడు. మూడోసారి పిలిచినప్పుడు పని ఇట్టే తేలిపోయింది.

"దూరం తగ్గించడానికి వీల్లేదు మేడమ్," అన్నాడు ఆమెతో. "ముందువైపు కారు పెట్టే చోట కట్టుకోండి. పైపు కాస్త పొడుగవుతుంది, అంతే."

ఆ ఆలోచన మా ఇద్దరికీ తట్టలేదు. ఆమె మొహం విప్పారింది. బయటికి రాగానే, "ఠీక్ హై దీదీ, పీడా వదిలింది. ఇటునుంచి ఇటే మేస్త్రీని కలిసి వస్తాను," అని రోడ్డు దాటి వెళ్ళిపోయింది. ఇద్దరికని తెచ్చిన దద్దోజనం డబ్బా విప్పకుండానే ఇంటికి తెచ్చుకున్నాను.

ట్యాంకు కట్టారు. బాత్‌రూమూ తయారైంది. నా నీళ్ళు బాగానే ఉన్నాయి. ఎవరికీ నష్టం జరగలేదు. ఆమెకి నా మీద కోపం కూడా లేదు. గేటు దగ్గర కనిపిస్తే చెయ్యి ఊపుతుంది, లోపలికి వెళ్ళిపోతుంది. ఆమెకి ఇంటెడు పని. కోపముంటే బాగుండునని కూడా అనుకున్నాను. పోట్లాడటానికైనా నా గుమ్మంలోకి వచ్చేది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆమె కూరగాయల బండి దగ్గర ముల్లంగి ఏరుతోంది. ధైర్యం చేసి దగ్గరికి వెళ్ళాను.

"ఒక రోజు అలా ఆఫీసు వైపు వెళ్ళొద్దామా? ఇద్దరం డబ్బాలు కట్టుకుని?"

ఆమె నవ్వింది, ప్రేమగానే. "ఇంకా అక్కడ మనకేం పని ఉంది, దీదీ?"

వాళ్ళింట్లోంచి అత్తగారు పిలిచింది. ఆమె ముల్లంగి సంచీలో వేసుకుని, "వస్తున్నానమ్మాజీ," అంటూ పరుగున వెళ్ళింది. బండివాడు నాకేం కావాలని అడిగాడు. ఏం కావాలో తోచక, కొత్తిమీర కట్ట ఒకటి ఇమ్మన్నాను.