నీళ్లు తాగని షిఫ్టు

తొంభైల్లో నేను సోషల్ వర్క్ పాఠాలు చెప్పేదాన్ని. మా విద్యార్థులు వారంలో రెండు రోజులు ఫీల్డ్ వర్కుకు వెళ్లేవారు. ఆ ఏడు సంగారెడ్డి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయిని కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీకి పంపాను. ఎండలు ముదురుతుండగా ఆమె నా గదికి వచ్చి, కూర్చోకుండానే చెప్పింది.

"మేడం, డ్రమ్ములు కడిగే ఆడోళ్లు పొద్దంత నీళ్లు తాగుతలేరు. నేనిచ్చినా పక్కకు పెడుతున్నరు. ఎందుకని అడిగితే నవ్వుతున్నరు."

మరుసటి వారం నేనే వెళ్లాను. డ్రమ్ముల్లోంచి వచ్చే రసాయనాల ఘాటుకు నా గొంతే ఎండిపోయింది. ముక్కుకు కొంగు కట్టుకుని డ్రమ్ము తోముతున్న ఒక నడివయసావిడను అడిగాను. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"తాగితే యాడికి పోవాలె మేడం? పర్మనెంటోళ్ల లెట్రిన్లకు మమ్ముల రానియ్యరు. గోడ అవుతలికి పోదమంటే లారీలోళ్లుంటరు. ఇంటికి పొయ్యేదాంక ఆపుకునుడే."

పక్కనున్న చిన్నామె తలెత్తకుండా అంది: "ఒంటికి పోతే మంట లేస్తది మేడం. అందరికీ గదే బీమారి."

వెల్ఫేర్ ఆఫీసరు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి టీ తెప్పించాడు.

"వాళ్లు మా వర్కర్లు కారండీ, కాంట్రాక్టరు మనుషులు. మీ అమ్మాయిని క్యాంటీన్ మీద ప్రాజెక్టు చేయమనండి."

"క్యాంటీన్ సంగతి తర్వాత. వాళ్లు ఎక్కడికి వెళ్లాలో ముందు చెప్పండి" అన్నాను.

వారం తిరక్కుండానే, ఇక విద్యార్థులను పంపొద్దని కాలేజీకి కబురు వచ్చింది. మా శాఖాధిపతి నన్ను పిలిపించారు.

"ఆ ఒక్క ఫ్యాక్టరీ తలుపు తెరిపించడానికి ఎంత తిరిగానో తెలుసా? ఇప్పుడు పిల్లల్ని ఎక్కడికి పంపుతారు?"

"ఆ ఆడవాళ్లు ఉండే బస్తీకి సార్. సామాజిక న్యాయం పాఠం క్లాసులో చెప్పి, గేటు దగ్గర వదిలేసి రాలేను."

ఆయన నచ్చక తల తిప్పుకున్నారు గానీ కాదనలేదు.

వాళ్లంతా ఫ్యాక్టరీ వెనక రేకుల గదుల్లో కిరాయికి ఉండేవారు. ఆదివారాలు ఆ అమ్మాయీ నేనూ వెళ్లి గుమ్మాల ముందు కూర్చునేవాళ్లం. మొదట ఇద్దరే వచ్చారు, తర్వాత చాప చాలలేదు. కాంట్రాక్టు మనుషులకైనా మరుగుదొడ్డి ఉండి తీరాలని చట్టం చెబుతోందన్నాను. కార్మిక శాఖకు దరఖాస్తు పెట్టాం. తనిఖీకి ఎవరూ రాలేదు.

"మీరు ఆఫీసుల చుట్టు తిరుగుండ్రి మేడం, వద్దంటలేం. గని మేం ఊకె కూసోం" అంది ఆ నడివయసావిడ.

ఒక మధ్యాహ్నం అన్నాల వేళ అందరూ కలిసి పర్మనెంటువాళ్ల మరుగుదొడ్డి వైపు నడిచారట. వాచ్‌మన్ అడ్డం నిలిచాడు. "రానియ్యకుంటే ఈడనే కూసుంటం" అని తలుపు ముందే బైఠాయించారు. క్యాంటీన్ నుంచి వచ్చినవాళ్లు కొందరు నవ్వారు. ఒక పాత ఆపరేటరు మాత్రం "పోనియ్యిరా, గింత సిగ్గుతప్పిన పనేందిరా మనది" అని వాచ్‌మన్‌ను పక్కకు జరిపాడు. ఆ సాయంత్రం బస్తీలో ఇదంతా ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ మాకు చెప్పారు.

తెల్లారి ఆ నడివయసావిడను కాంట్రాక్టరు గేటు దగ్గరే ఆపేశాడు. మిగతావాళ్లు కూడా లోపలికి పోలేదు. నేనూ ఆ అమ్మాయీ రోడ్డుకు ఇవతల నిలబడ్డాం. కడగని డ్రమ్ములు పేరుకుపోయి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి కాంట్రాక్టరుకు ఆవిడను లోపలికి పిలవక తప్పలేదు. వర్షాలు పడే నాటికి షెడ్డు పక్కన వాళ్ల కోసం నల్లాతో ఒక చిన్న మరుగుదొడ్డి లేచింది. చిన్నామెకు ఆ జబ్బు మాత్రం చాలాకాలం వదల్లేదు. ఆసుపత్రికి మేమే వెంట వెళ్లేవాళ్లం.

మరుసటి ఏడు ఫీల్డ్ వర్కు కాగితంలో ఫ్యాక్టరీ పేరు ఉండాల్సిన చోట బస్తీ అని రాశాను. సంతకం పెడుతూ శాఖాధిపతి అడిగారు.

"ఈసారి దేని మీద?"

"ఇంకా తెలీదు సార్. వాళ్లను అడగాలి."