మా బోండా చేసిన ఏకాదశి

ఒక ప్రాణి చావుకు దగ్గరపడుతుంటే, అది పుణ్యం చేస్తోందనుకుని ఇరుగుపొరుగును పిలిచి చూపించుకున్న మనిషిని మీరు ఇంతవరకూ చూసి ఉండరు. చూడాలనుంటే తిరుపతి రండి, నేను ఇంట్లోనే ఉంటాను. తిట్టే ముందు మాత్రం ఒక్క విషయం గుర్తుంచుకోండి. అప్పటికి నా వయసు ఇరవై ఏడు, పెళ్ళయి నాలుగు నెలలు. ఆ వయసు మగాడికి తెలియనిదంటూ ఉండదు.

పైగా నేను జువాలజీ లెక్చరర్ని. కప్పను కోశాను, బొద్దింకను కోశాను, వానపామును పిన్నులు గుచ్చి పడుకోబెట్టాను. జంతువు లోపల ఏది ఎక్కడుంటుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బతికి తిరిగే జంతువుతో మాత్రం నాకు బొత్తిగా పరిచయం లేదు. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

నా భార్య హేమది చిత్తూరు. కాపురానికి వస్తూ ఒక బీరువా, రెండు సూట్‌కేసులు, ఒక గినీ పిగ్గు తెచ్చుకుంది. దాని పేరు బోండా. గోధుమరంగు, గుండ్రటి ఒళ్ళు, తోక లేదు. మాది మడీ ఆచారమూ ఉన్న వైష్ణవుల ఇల్లు. మొదటిరోజే అమ్మ దాన్ని చూసి, "ఎలకను ఎవురైనా ఇంట్లో పెట్టుకుంటారామ్మా?" అంది.

"ఎలక కాదత్తా, బోండా" అంది హేమ. ఆ జవాబుతో అమ్మ అనుమానం ఇంకా పెరిగింది.

ఇట్లా ఉండగా మా అత్తగారికి కంటి ఆపరేషన్ వచ్చింది. హేమ పది రోజులకు చిత్తూరు బయలుదేరింది. బస్సెక్కే ముందు బోండాను నా చేతుల్లో పెట్టి, "ఫ్రిజ్ మీద కాయితం అంటించినాను. ఏది మామూలో, ఏది జబ్బో అంతా రాసినాను. ఒక్కసారి చదువుకోండి" అంది.

"హేమా, నేను ఎమ్మెస్సీ జువాలజీ."

"అందుకే చెప్తా ఉండాను" అని, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. "ఆ ఇంటినుంచి నాకు తోడుగా వచ్చింది ఇదొక్కటేనండీ. భద్రం."

పెళ్ళాం ఏడిస్తే ఏ కొత్త మొగుడైనా ఏం చేస్తాడు? ప్రాణం పోయినా చూసుకుంటానని మాటిచ్చాను. ఎవరి ప్రాణమో చెప్పలేదు. కాగితం కూడా చదవలేదు.

మొదటిరోజు సాయంత్రం గుప్పెడు పచ్చగరిక తెచ్చి బోనులో వేశాను. బోండా దాన్ని వాసన చూసి, ఉన్నట్టుండి గాల్లోకి లేచింది. తల ఒకవైపు, నడుము ఒకవైపు మెలి తిప్పుకుంటూ నాలుగుసార్లు ఎగిరెగిరి పడింది. "ఫిట్స్" అన్నాను. అమ్మ పరుగున పోయి ఇంటి తాళంచెవుల గుత్తి తెచ్చి దాని పక్కన పడేసింది. బుట్టలో పెట్టుకుని స్కూటరు మీద చంద్రగిరి రోడ్డులో ఉన్న పశువుల డాక్టరు మునిరత్నం దగ్గరికి పోయాను. ఆయన అప్పుడే ఒక గేదెకు సూది వేసి ఖాళీ అయ్యాడు.

"ఏం పెట్టినావప్పా దీనికి?"

"గరిక సార్."

"బాగుండిందా గరిక?"

"లేతగరిక సార్. అది తిన్న వెంటనే ఫిట్స్."

"ఫిట్స్ కాదప్పా, సంతోషం. నీ పెండ్లి ఊరేగింపులో మీవోళ్ళు ఎగర్లేదా? వాళ్ళందరినీ ఆస్పత్రిలో చేర్పించినావా?"

తల వంచుకుని ఇంటికొచ్చాను.

రెండోరోజు మధ్యాహ్నం అది కాళ్ళు చాపుకుని, కళ్ళు పూర్తిగా తెరుచుకుని, కదలకుండా పడి ఉంది. అమ్మ గోవిందనామాలు చెబుతూ నోట్లో తీర్థం పోయబోయింది. మీద చుక్క పడగానే అది లేచి, మా ఇద్దరినీ చిరాగ్గా చూసి మూలకు పోయింది. కళ్ళు తెరుచుకుని నిద్రపోయే జీవాలుంటాయని మాకేం తెలుసు? మా కాలేజీ వెనక బెంచీల్లో రోజూ చూస్తూనే ఉంటాను గానీ, ఆ సమయానికి తట్టలేదు.

మూడోరోజు అది తన పెంటికలు తానే తింటుండగా అమ్మ కంటపడింది. ఆ తర్వాత మా ఇంట్లో ఏమేం కడిగారో రాస్తే ఈ పేజీ తడిసిపోతుంది. మళ్ళీ బుట్ట, మళ్ళీ స్కూటరు.

"పిచ్చిపట్టింది సార్. తన పెంటికలు తనే తింటోంది."

"మెత్తటివి కొన్ని మళ్ళా తింటాయి. మొదటిసారి అరగని సత్తువ రెండోసారి ఒంటికి పడతాది. కుందేలు తినదా? అవునూ, నువ్వేం పని చేస్తావు?"

"లెక్చరర్ని సార్."

"ఏం చెప్తావు పిల్లోళ్ళకు?"

నేను లెక్కలు అన్నాను. ఏం చేయమంటారు చెప్పండి? కుందేలు పాఠం అంతకు ముందు నెలలోనే చెప్పి, అదే మాట బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసినవాణ్ణి నేనే.

నాలుగోరోజు దాని కళ్ళనుంచి పాలలాంటి తెల్లటి నీళ్ళు కారాయి. పువ్వు వచ్చిందనుకుని, అత్తగారికి కుడికన్నే కదా, పాపం దీనికి రెండూనా అని కంగారుపడి తీసుకుపోయాను. డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అది మొకం కడుక్కుంటా ఉండాదప్పా. ఆ నీళ్ళతోనే కడుక్కుంటాది. ఎగిరినా మామూలే, పండుకున్నా మామూలే, కడుక్కున్నా మామూలే. నువ్వు ఒక్కడివే మామూలుగా లేవు. ఇంక ఊరికే రావద్దు." అక్కడ ఆవులను పట్టుకొచ్చిన రైతులంతా నన్నే చూశారు.

ఆ అవమానంతో ఒక గట్టి నిర్ణయానికి వచ్చాను. ఇక బోండా ఏం చేసినా మామూలే.

ఆరోరోజు ఏకాదశి. తెల్లారేసరికి బోండా మూలన ఒదిగి కూర్చుంది. బొచ్చు నిక్కబొడుచుకుని ఉంది. గరిక వేశాను, చూడలేదు. కొత్తిమీర వేశాను, మొహం తిప్పుకుంది. క్యారెట్ ముక్క మూతి దగ్గర పెట్టినా కదల్లేదు. రాత్రి వేసిన గడ్డి కూడా అట్లాగే ఉంది. అమ్మ స్నానం చేసి వచ్చి చూసి, చేతులు జోడించి నిలబడిపోయింది.

"వరదూ, ఈ రోజు ఏకాదశి. దానికి తెలిసిపోయిండాది."

"అంతేనంటావా?"

"నీళ్ళు కూడా ముట్టలేదు సూడు. నిర్జలం. నావల్ల కూడా కాదు నాయనా."

నాకు ఒళ్ళు పులకరించింది. ఎమ్మెస్సీ చదివిన ఒళ్ళేనండీ అది. పక్కింటి ఆండాళ్ళమ్మ వచ్చి తులసిదళం పెట్టి, "పూర్వజన్మలో ఏ భాగవతుడో" అని కళ్ళు తుడుచుకుంది. ఎదురింటివాళ్ళు చెప్పులు బయట విడిచి మరీ వచ్చారు. నేను ఫొటో తీసి, 'ఉపవాసంలో మా బోండా' అని రాసి, బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. దండాల బొమ్మలు వచ్చిపడ్డాయి. వాటి వెనకే హేమ ఫోన్ వచ్చింది.

"ఎప్పటినుంచి తినలేదు?"

"రాత్రినుంచే మొదలుపెట్టింది. చాలా నిష్ఠగా..."

"పెంటికలు ఏసిందా?"

"లేదు. బోను చాలా శుభ్రంగా ఉంచుకుంది."

సన్నటి గొంతుతో, "ఫ్రిజ్ మీద కాయితం చదవండి. చివరి మాట" అంది. ఎర్రసిరాతో రాసి ఉంది: ఒక్క పూట తినకపోయినా, పెంటికలు ఆగినా ఆలస్యం చేయొద్దు, బతకదు. ఫోన్లో హేమ బస్టాండుకు పరిగెడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఈసారి బుట్ట పట్టుకుని అమ్మ కూడా స్కూటరెక్కింది. డాక్టరు నన్ను చూసి, "ఈ పొద్దు ఏమి, దగ్గినాదా?" అన్నాడు.

"నిన్న రాత్రినుంచి తినలేదు సార్. పెంటికల్లేవు."

ఆయన మొహంలో నవ్వు పోయింది. బోండా పొట్ట నొక్కి చూసి, "ఉబ్బరం. ఇదప్పా జబ్బు. దీనికి కదా నువ్వు పరిగెత్తుకుని రావాల్సింది. ఏం పెట్టినారు నిన్న?" అన్నాడు.

"గడ్డే సార్" అన్నాను.

వెనకనుంచి అమ్మ మెల్లగా, "చక్కెర పొంగలి" అంది. "నేనే పెట్టినాను నాయనా. ప్రసాదం కదా అని. ఆ పొద్దు ఎలక అన్నాను, మనసులో పెట్టుకుంటాదేమో అని రెండు ముద్దలు తినిపించినాను."

డాక్టరు ఇంజెక్షన్ వేసి, చుక్కల మందు పోసి, పొట్ట ఎట్లా నిమరాలో చూపించాడు. "పెంటిక పడితే బతికినట్టు. పడేదాకా ఈడనే కూసోండి" అన్నాడు. అమ్మ బోండాను పట్టుచీర ఒళ్ళో పెట్టుకుని గేదెల మధ్య బెంచీ మీద కూర్చుంది. వేళ్ళతో దాని పొట్ట నిమురుతూ, "స్వామీ, ఏడుకొండలవాడా, ఒక్క పెంటిక. ఒకే ఒక్క పెంటిక" అని మొక్కుకుంది. ఆయన్ని ఇన్నేళ్ళలో ఎవరూ ఇట్లాంటి కోరిక కోరి ఉండరు. మధ్యాహ్నానికి హేమ వచ్చింది. నావైపు చూడలేదు. అమ్మ పక్కన కూర్చుని బోండా తల మీద చేయి వేసింది, అంతే. బోండా పోతే ఆ పిల్ల మొహంలోకి జీవితాంతం ఎట్లా చూడాలా అని నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

మూడు దాటాక అమ్మ ఒక్కసారి లేచి నిలబడింది. అరచేతిలో పెంటిక. "హేమా, సూడమ్మా" అని దాన్ని అక్షింతల్లాగా పట్టుకుని చూపించింది. మడిగట్టిన చెయ్యండీ అది. రెండోది పడింది, మూడోది పడింది. మేం ముగ్గురం తలా ఒకసారి లెక్కపెట్టుకున్నాం. పశువులను తెచ్చిన రైతులు కూడా వచ్చి చూసి బాగుందన్నారు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి గుమ్మం నిండా జనం. వాట్సాప్ మహిమ. తులసిమాలలు, హారతి కర్పూరం, ఇద్దరు అవ్వలైతే ఎక్కడో పులిచెర్ల నుంచి వచ్చారు. హేమ ఎవరితోనూ మాట్లాడకుండా బోండాను కింద దించి గరిక వేసింది. అది అందరి ముందూ కరకరా నమలడం మొదలుపెట్టింది. ఆండాళ్ళమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, రేపు ద్వాదశి పారణ కాకముందే ఉపవాసం చెడగొట్టినారే. పుణ్యమంతా పాయె కదా."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. అమ్మ నన్ను ఆపింది. "దాని పుణ్యం యాడికీ పోదు ఆండాళ్ళూ. దాని బదులు ఇంకో ఏకాదశి నేనుంటా. దాన్ని తిననీ" అని, తనే ఇంకో గుప్పెడు గరిక తెచ్చి వేసింది. హేమ ఆమె చెయ్యి పట్టుకుని, ఆ రోజు మొదటిసారి నవ్వింది. నావైపు చూసి నవ్వడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

కాబట్టి ఆ స్వామి సాక్షిగా, నా ఎమ్మెస్సీ పట్టా సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మనిషైనా, జంతువైనా అన్నం మానేసి మూలన కూర్చుంటే భక్తి అని చేతులు జోడించను. ముందు పెంటికల సంగతి కనుక్కుంటాను. ఈ ప్రమాణాన్ని అక్షరాలా పాటించి మొన్నటి ఏకాదశినాడు అమ్మను అడిగాను కూడా. మూడు రోజులయింది, ఇంకా నాతో మాట్లాడలేదు.