రాక్షసుడు అడిగిన గేట్‌పాస్

ఈ మధ్యాహ్నం నా మాయల కథను పక్క క్వార్టర్ సరోజ ఆంటీకి చూపించాను. ఆవిడ పెళ్లికి ముందు గుంటూరులో తెలుగు టీచరు. ఆవిడ బాగుందంటేనే వారపత్రికకు పంపాలనుకున్నాను.

నేను చదివింది అయిదో తరగతి. అందుకే ఆర్నెల్లుగా మా ఆయన చేత ఢిల్లీ జనక్‌పురి నుంచి గొప్ప రచయితల పుస్తకాలు తెప్పించుకుని చదివాను. మాయలకూ ఏదో ఒక నియమం ఉండాలని, లేకపోతే ఎవరూ నమ్మరని వాటివల్లే తెలిసింది. కోటలు, కీలుగుర్రాలు వాళ్లలాగే వర్ణించాను. నియమం మాత్రం ఏం పెట్టాలో తోచక, ఈ మిలిటరీ కంటోన్మెంటు గేటు దగ్గర రోజూ చూసేదే పెట్టాను. గుహ ముందు రాక్షసుడు రాకుమారిని గేట్‌పాస్ అడుగుతాడు.

ఆంటీ చదివి పకపకా నవ్వారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

"అది తీసేస్తానాంటీ," అన్నాను.

"అరె పగ్లీ, పిచ్చిదానా, అదొక్కటే నీది! ఆ కోటలు తీసెయ్. ఎక్కడో చదివినట్టే ఉన్నాయి."

"గొప్పవాళ్లను చూసే నేర్చుకున్నానాంటీ!"

"నేర్చుకోమంటే మక్కికి మక్కి దింపెయ్యమనా అమ్మాయ్?"

ఇంటికొచ్చి కోటలన్నీ తీసేశాను. పది పేజీల్లో ఒకటిన్నర మిగిలింది. సాయంత్రం మా ఆయన అది చదివి, "ఇంతకీ రాక్షసుడు ఆ పిల్లను లోపలికి పంపాడా?" అని అడిగారు.

నాకూ తెలియదు. ఏ పుస్తకంలోనూ లేదు. మీరైతే పంపేవారా?