చివరి రౌండు క్యాచర్

ఓరిన్ జాస్ట్రో కంటికి ఈ లోకంలో ఎవరూ ఆనరు. విస్కాన్సిన్‌లో ఓ చిన్న ఊళ్లో రంగుల కొట్టు కౌంటర్ వెనక నిలబడి, వంటింటికి పసుపు రంగు అడిగిన ప్రతివాడినీ ఎగాదిగా చూసి, "మీ ఇల్లు, మీ ఖర్మ" అంటూ డబ్బా కలిపిచ్చేవాడు. పెళ్లాం వంటగానీ, పాస్టర్ ప్రసంగంగానీ అతని నోట ఏనాడూ బాగుందనిపించుకోలేదు.

అలాంటివాడు ఏటా మార్చిలో, మార్లిస్ అనే ఆవిడ నడిపే బారు వెనక గదిలో, మరికొందరితో కలిసి బేస్‌బాల్ ఆటగాళ్లను పంచుకునేవాడు. పాపం, ఆ ఆటగాళ్లకు ఈ సంగతే తెలియదు. వాళ్లెక్కడో ఎండలో చెమటోడుస్తుంటారు. వీళ్లు బీరూ, వేయించిన జున్ను ముక్కలూ ముందు పెట్టుకుని, వంతులవారీగా పేర్లు చెప్పి, వీడు నావాడని రాసుకుంటారు. ఇక సీజనంతా వాళ్లు కొట్టిన ప్రతి దెబ్బకీ వీళ్లకు పాయింట్లు, గొప్పంతా వీళ్లదే. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనుషులకు అదో పౌరుషం.

ఓరిన్ పౌరుషమంతా క్యాచర్ల దగ్గర. బంతి విసిరేవాడికి ఎదురుగా గొంతుక్కూర్చుని దాన్ని పట్టేవాణ్ని ఆ బల్ల దగ్గర ఎవరూ లెక్కచెయ్యరు, ఆఖర్లో ఎవడో ఒకణ్ని తీసుకుంటారు. వాళ్లలోంచి మేలైనవాణ్ని ఏరడం తనకొక్కడికే చేతనవునని ఓరిన్ నమ్మకం. ఆ నమ్మకంతోనే రెండేళ్లుగా అట్టడుగున ఉన్నాడు. వరసగా మూడోసారి ఆఖరివాడైతే కుర్చీ ఖాళీ చెయ్యాలని అక్కడి కట్టుబాటు. ఆ కుర్చీకి బావమరిది లీలాండ్ అప్పుడే తన పళ్ల డాక్టర్ని సిద్ధం చేసి ఉంచాడు. అది పోతే ఈసడించుకోవడానికి ఓరిన్‌కు పెళ్లాం, పాస్టర్, కొట్టుకొచ్చే గిరాకీ తప్ప ఇంకెవరూ మిగలరు.

ఈసారి మాత్రం బంగారంలాంటివాడు దొరికాడు. రామిరో ఒబ్రెగాన్, ఓ జట్టులో బెంచీకి అతుక్కుపోయిన రెండో క్యాచర్. ఆ జట్టు అసలు క్యాచర్ లేచినప్పుడల్లా నేలకు చెయ్యి ఆనిస్తున్నాడని ఓరిన్ ప్రాక్టీసు వీడియోల్లో పసిగట్టాడు. మోకాలు పోయింది. వేసవి దాకా లాగలేడు, ఆపైన ఆడేది ఒబ్రెగానే. ఈ ముక్క ఇంట్లో కూడా పొక్కనివ్వలేదు.

పంపకాల రోజున ఎవరు ఎవర్ని తీసుకున్నా ఓరిన్ ఉతికి ఆరేశాడు. "వాణ్నా తీసుకుంది? వాడికంటే మా కొట్టు నిచ్చెన నయం, చెప్పిన చోట నిలబడుద్ది" అన్నాడు ఒకడితో. మధ్యలో తన వంతు వచ్చినప్పుడల్లా ఒబ్రెగాన్ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇప్పుడే తీసుకుంటే అందులో గొప్పేముంది? ఎవరికీ అక్కర్లేనివాణ్ని చివరి రౌండులో ఎత్తుకుపోయి, వేసవంతా వీళ్ల మొహాన కొట్టాలి. ఆ సరదా కోసం ప్రతిసారీ ఇంకెవరినో తీసుకుని ఊరుకున్నాడు.

చివరి రౌండులో ఓరిన్ కంటే ముందు వంతు లీలాండ్‌ది. సాసేజీ నములుతూ, "ఒబ్రెగాన్" అన్నాడు.

ఓరిన్ చటుక్కున అతని వైపు తిరిగాడు. "వాడి గురించి నీకెవడు చెప్పాడ్రా?"

"నువ్వే బావా."

"నేనా? నేనొక్క ముక్క అన్లేదు."

"అదేగా మరి. నెల్రోజుల్నించీ ఉన్న క్యాచర్లందర్నీ వాళ్ల అమ్మానాన్నలతో సహా తిట్టిపోశావు. వీణ్నొక్కణ్నే వదిలేశావు. మా అక్కనైనా ఒక్కరోజు తిట్టకుండా ఉన్నావా?"

గదంతా గొల్లున నవ్వింది. "ఓరిన్, నీ వంతు. తొందరగా తేల్చు, నా పొయ్యి ఆర్పుకోవాలి" అంది మార్లిస్.

మిగిలిన క్యాచర్లలో అతను నోరు చేసుకోనివాడు లేడు. ఒకడి పేరు చెప్పి, "వీడు మరీ అంత పనికిమాలినవాడేం కాదు" అన్నాడు. ఎవరి గురించైనా ఓరిన్ అంత మంచిమాట అనడం ఆ గదిలో ఎవరూ వినలేదు. నమ్మినవాడూ లేడు.

మూడోసారీ ఆఖరున నిలిచింది ఓరినే. ఇప్పుడు ఆ కుర్చీలో పళ్ల డాక్టర్ కూర్చుంటున్నాడు. ఎవరు ఎవర్ని తీసుకున్నా "భలేవాణ్ని పట్టారండీ" అంటాడు. తనకు ఎవడు కావాలో మాత్రం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేకపోయారు.