కండక్టరత్తయ్య జీనియా మడి

మా మేనత్త ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. బస్సయితే దిగింది గానీ, కండక్టరుతనం ఆవిడలోంచి దిగలేదు. ఇంట్లో నలుగురు ఒకచోట చేరితే చాలు, "గుమ్మంలో నిలబడకండి, లోపలికి జరగండి" అంటుంది. నేను స్కూటర్ తాళం తిప్పీ తిప్పకముందే వెనక నుంచి "రైట్, రైట్" వినిపిస్తుంది. స్కూటర్‌కి కండక్టరేమిటని నేను విసుక్కుంటాను. ఆవిడ పట్టించుకోదు.

రిటైరైన కొత్తలో ఏమీ తోచక మా అందరి ప్రాణాలూ తోడేసింది. ఉప్పుడబ్బా చోటు మారిస్తే తగువు, కర్టెన్ జరిపితే తగువు. ఇక పడలేక నేనే తీసుకెళ్ళి మా పేట మొక్కల సంఘంలో పడేశాను. ఆదివారం పొద్దున్నే మట్టి తవ్వే బొరిగలూ నీళ్ళ డబ్బాలూ పట్టుకుని బయల్దేరే మనుషులు వాళ్ళు. లైబ్రరీ గోడ పక్కనా, బడి ముందరా, ఆసుపత్రి వార్డు కిటికీల కిందా మడులు చేసి పూలమొక్కలు పెంచుతారు. ఎవరు నాటిన మడిని వాళ్ళే చూసుకోవాలన్నది అక్కడి పద్ధతి.

ఆసుపత్రి మడి అత్తయ్యకొచ్చింది. జీనియా పూల నారు నాటేటప్పుడు బొటనవేలూ చిటికెనవేలూ చాపి జానెడు కొలిచి, "నీ సీటిది, నీ సీటిది" అంటూ ఒక్కో మొక్కనీ కూర్చోబెట్టేది. కిటికీలోంచి చూసే రోగులు నవ్వేవాళ్ళు. మా సంఘంలోనే ఉన్న మందుల షాపావిడ మాత్రం నవ్వేది కాదు. ఆవిడకి ప్రతిదానికీ పేచీయే కాబట్టి, ఆవిడ లేనప్పుడు మేమంతా పేచీగారనే అంటాం. నీళ్ళు ఎక్కువయ్యాయని పేచీగారూ, తక్కువయ్యాయని అత్తయ్యా ఆదివారమంతా వాదించుకునేవారు. ఒకరు రాకపోతే రెండోవారు బిక్కమొహం వేసేవారు.

ఇంతలో అత్తయ్య కళ్ళు దెబ్బతిన్నాయి. చుట్టుపక్కల కనిపిస్తుంది, తిన్నగా చూసినచోట మాత్రం మసక. నా చెవులు కనపడతాయట, ముక్కు కనపడదట. అద్దాలు మార్చినా లాభం లేదనీ, మాత్రలు వాడితే ఇంకా ముదరకుండా ఆపొచ్చనీ డాక్టరు చెప్పింది.

ఇంటికొచ్చాక అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "సంఘంలో చెప్పావంటే నీకూ నాకూ చెల్లు. బస్సు ఎలాగూ దింపేశారు. ఇక్కణ్ణుంచి కూడా దింపేసి ఓ కుర్చీలో కూర్చోబెడితే నేను బతకలేనే."

సరేనన్నాను. పేటలో వేరే మందుల షాపు లేక మాత్రలు పేచీగారి దగ్గరే కొనేదాన్ని, మా ఆఫీసులో ఒకాయనకని చెప్పి.

ఓ వారం వానలు పడి, తర్వాత రెండు రోజులు ఎండ కాసింది. ఆదివారం వెళ్ళేసరికి జీనియా నారుతో సమానంగా కలుపు లేచింది. నేను బడి ముందర నీళ్ళు పోసి వచ్చేసరికి అత్తయ్య ఒక్కతే మడంతా కలుపు తీసేసింది. తీసిందా, బుట్ట నిండా జీనియా నారు! మడిలో పిచ్చి తోటకూర వరసలు కట్టి, మొదళ్ళకి మన్ను ఎగదోయించుకుని, నీళ్ళు తాగి హాయిగా నిలబడింది.

"చూశావా, ఎలా కళకళలాడుతున్నాయో!" అంది అత్తయ్య.

కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తెలియక అక్కడే నిలబడిపోయాను. అంతలో పేచీగారు వచ్చింది. మడి వంక చూసింది, బుట్ట వంక చూసింది, నోరు తెరిచింది. అయిపోయింది అనుకున్నాను. "నీళ్ళు సరిగ్గా పోశారు ఇవాళ," అనేసి వెళ్ళిపోయింది. ఆవిడ నోటి నుంచి ఆ మాట రావడమే ఒక వింత.

మధ్యాహ్నం ఆవిడే నాకు ఫోన్ చేసింది. "ఇవాళ మీ అత్తయ్యని ఇల్లు కదలనివ్వకు. మా అందరి ఇళ్ళలోనూ జీనియా నారు మిగిలే ఉంది, పట్టుకెళ్ళి నాటేస్తాం."

"మీకెలా తెలుసండీ?" అన్నాను.

"మందులు అమ్మేదాన్ని, ఆ మాత్రలు దేనికో తెలీదా? మీ ఆఫీసులో ఒకాయనట, ఒకాయన!"

పై ఆదివారం అందరం ఏమీ ఎరగనట్టు ఆసుపత్రికి చేరాం. అత్తయ్య మడి పక్కన కూర్చుని నారు మీద చెయ్యి పోనిచ్చింది. చెయ్యి ఆగింది. జానెడు కొలిచింది, మళ్ళీ కొలిచింది.

"ఇవి నేను నాటినవి కావు. ఇక్కడ ఒక సీట్లో ఇద్దరున్నారు. అక్కడ సీటే ఖాళీ."

మా సంఘం పెద్ద అయిన లెక్కల మాస్టారు వంగి చెప్పులకంటిన మట్టి దులుపుకోసాగారు. అత్తయ్యకి అర్థమైపోయింది.

"నావి పీకేసింది నేనేనా?"

"అవునత్తయ్యా," అన్నాను.

"పీకితే పీకానని మొహం మీద చెప్పాలి. టికెట్ లేనివాణ్ణి జాలిపడి వదిలేసినట్టు నన్ను వదిలేస్తారా? నా సర్వీసులో ఒక్కణ్ణి అలా వదల్లేదు నేను." బొరిగ మాస్టారి కాళ్ళ దగ్గర పెట్టింది. "నాకు కళ్ళు కనపడ్డం లేదు. ఈ మడి ఇంకెవరికైనా ఇవ్వండి."

లేవదీద్దామని ముందుకి వెళ్ళబోతే పేచీగారు నన్ను పక్కకి నెట్టింది. చీర ఎగదోపి, మడికి అవతలి వైపు అత్తయ్యకి ఎదురుగా బురదలోనే చతికిలబడింది. బొరిగ తీసి అత్తయ్య చేతిలో పెట్టింది.

"మిమ్మల్ని పొమ్మని ఎవరన్నారు? ఆరుగురం నాటాం, ఒక్కరికీ దూరం కుదర్లేదు. ఇదంతా ఎవరు సరిచేస్తారు? కళ్ళు నావి, చేతులు మీవి. కానివ్వండి."

అత్తయ్య వేళ్ళతో ఒక మొక్క మొదలు పట్టుకుంది.

"ఇది దిగేదా, ఉండేదా?"

"దిగేదే. పీకండి."

"ఇది?"

"ఉండేది. కాస్త ఇటు జరిపి కూర్చోబెట్టండి. అయ్యో, అంత కాదు!"

"జానెడంటే జానెడే. నాకు నేర్పకండి."

తగువు మొదలైంది. మా అందరికీ ఊపిరి వచ్చింది. ఎండెక్కేదాకా ఇద్దరూ అలా అరుచుకుంటూనే మడి చివరికి చేరారు. అక్కడ అత్తయ్య మట్టి చెయ్యి తన గుండెల మీద పెట్టుకుని, మెల్లగా అడిగింది.

"మరి ఇది?"

పేచీగారు కలుపు బుట్ట తన వైపుకి లాక్కుంది.

"కూర్చోండి కండక్టరమ్మా. మీ స్టాపు ఇంకా రాలేదు."