చుక్కాని పట్టిన దేవత

మా హిస్టరీ మేడమ్ గారు పోయారని పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్న వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "నిద్రలోనే వెళ్ళిపోయిందండి. మీకు ముందు చెప్పాలనిపించింది" అన్నాడు. "ఆయ్" అని, పెద్దకర్మ ఎప్పుడో అడిగి రాసుకున్నాను.

అమలాపురంలో ఒకే కాలేజీలో చాలాకాలం పనిచేశాం. ఆవిడది చరిత్ర, నాది తెలుగు. నాకంటే ఎంతో పెద్దావిడ, అయినా నన్ను "ఏమండీ" అనే పిలిచేవారు. రాజుల యుద్ధాలు గబగబా ముగించేసేవారు గానీ, మన రేవులకు ఓడలేసుకొచ్చిన రోమన్ వర్తకుల ఉంగరాల దగ్గరికొస్తే వదిలేవారు కాదు. గోరంత రాయి మీద బొమ్మ చెక్కించుకుని, మైనం మీద అద్ది, సంతకానికి బదులు వాడుకునేవారట. కలిపిన రెండు చేతులుంటే మాట తప్పనని. డాల్ఫిన్ చేప ఉంటే ఓడ క్షేమంగా ఒడ్డు చేరాలని. "చదువు రానివాళ్ళు కూడా చదువుకున్న బొమ్మలండి అవి" అనేవారు.

ఊరూరా వరిచేలు రొయ్యల చెరువులైపోతున్న రోజుల్లో, అల్లవరం దగ్గర ఒక రైతుకి తవ్వకంలో ఎర్రరాయి దొరికింది. ఆయన కూతురు మా కాలేజీలోనే చదివేది. ఆ పిల్ల చెప్పగానే మేడమ్ నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి బయల్దేరారు.

"మా ఆవిడ లక్ష్మీదేవి అంటుందండి. దేవుడి గూట్లో పెట్టేం" అన్నాడు రైతు.

చింతగింజంత కూడా లేదు. వెలుతురుకి ఎత్తిపట్టుకుంటే లోపలికి చెక్కిన ఆడమనిషి లీలగా కనిపించింది. రైతు భార్య పూరీలకి పిండి కలుపుతోంది. మేడమ్ చిన్న ముద్ద అడిగి తీసుకుని, దానిమీద రాయిని అద్దారు. రాయి తీసేసరికి బొమ్మలోని ఆడమనిషి పిండిమీద లేచి నిలబడింది. ఒక చేతిలో చుక్కాని, రెండో చేతిలో పళ్ళు పొంగిపొర్లుతున్న కొమ్ము. ఆ క్షణంలో మేడమ్ మొహం చూడాలి.

"లక్ష్మీదేవి కాదండి. రోమన్ల అదృష్టదేవత. చుక్కాని చూసేరా? ఈవిడ ఎటు తిప్పితే మనిషి బతుకు అటు తిరుగుతుందని వాళ్ళ నమ్మకం."

"చెడ్డవైపుకి కూడానాండి?" అన్నాడు రైతు.

"ఎటైనా తిప్పచ్చు" అని నవ్వారు మేడమ్. కొమ్ము సంగతి చెప్పబోయేలోగా చెరువు దగ్గర్నించి కేకేస్తే రైతు వెళ్ళిపోయాడు. మేం పూరీలు తిని వచ్చేశాం. అద్దిన ముద్ద కూడా నూనెలోకే వెళ్ళింది. కెమెరా పట్టుకుని మళ్ళీ వద్దామనుకున్నాం. పరీక్షలొచ్చాయి, పేపర్లు దిద్దడాలొచ్చాయి.

మళ్ళీ వెళ్ళేసరికి రొయ్యలకి తెల్లమచ్చల తెగులొచ్చి చెరువు చెరువంతా పోయింది. రాయి రైతు వేలికి ఉంగరంలో ఉంది, నున్నగా. బొమ్మ లేదు.

"పారేయడానికి చేతులు రాలేదండి. కంసాలి చేత బొమ్మ అరగదీయించేసేను. మీరే కదండీ చెప్పేరు, ఎటైనా తిప్పుద్దని."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే మేడమ్ కొంచెం తేలికపడేవారేమో. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "నేను అబద్ధం చెప్పలేదండి, సగం చెప్పేను. ఆ కొమ్ములో పళ్ళు కూడా ఆవిడవేనని, ఇచ్చేది కూడా ఆవిడేనని చెప్పలేదు" అన్నారు.

అప్పట్నించీ బెల్లు కొట్టినా పాఠం సగంలో ఆపేవారు కాదు. పిల్లలు విసుక్కుంటే, "సగం చెప్పి పంపిస్తే మిగతా సగం భయం చెప్పేస్తుందర్రా" అనేవారు. ఒకసారి అల్లవరం వెళ్ళి వాళ్ళతో మాట్లాడి రండని నేను చెబితే, "ఏ మొహం పెట్టుకుని వెళ్ళనండీ" అనేవారు. రిటైరై కొత్తపేట వెళ్ళిపోయాక కూడా అదే మాట. ఎంతమందికి ఎన్ని తెలియజెప్పిన మనిషి. ఈ ఒక్కటీ లోపల పెట్టుకునే పోయారు.

పెద్దకర్మ రోజున కొత్తపేట వెళ్ళాను. అందరూ భోజనాలకి లేచాక, ఆ రైతు భార్య వరండా మెట్టు మీద ఒక్కర్తే కూర్చుని కనిపించింది. మనిషి బాగా వడిలిపోయింది. మేడమ్ చివరిదాకా బాధపడిన సంగతి చెప్పాను. ఆవిడ తెల్లబోయింది.

"అయ్యో, ఆ రాయి గురించాండి? రొయ్యలు పోయినప్పుడు దేనిమీదో ఒకదానిమీద నెపం పెట్టాలి కదండీ. ఆయన దానిమీద పెట్టేరు. మేడమ్ గారు చెప్పకపోయినా ఇంకోటేదో దొరికేది. ఆవిడ మళ్ళీ రాపోతే, మేవే ఏదో అనేసేం, కోపమొచ్చిందనుకున్నానండి. వచ్చి కాళ్ళమీద పడదావని ఎన్నిసార్లో అనుకున్నాను. కోతలయ్యేక, పిల్ల పెళ్ళయ్యేక... ఇదిగో, ఇప్పుడొచ్చేను."

చెంగుతో మొహం తుడుచుకుని లేచి, భోజనం కూడా చేయకుండా వెళ్ళిపోయింది. మేడమ్ గారి కోసమని ఆవిడ తెచ్చిన చక్రకేళీ అరటిగెల గోడకి చేరేసి ఉంది. ఎవరూ లోపలికి తీసుకెళ్ళలేదు. పై అత్తంలో కాయలు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి.